రేకు తీశాక కనిపించిన ఊరు

టెక్సస్‌లో ఆస్టిన్ దగ్గర ఉండే మా వైపు తెలుగువాళ్ళకి జార్జ్‌టౌన్ అంటే మే నెల గుర్తొస్తుంది. ఇంటి విలువ ఇంత ఎందుకు పెంచారని ప్రాపర్టీ ట్యాక్స్ ప్రొటెస్ట్ వేసే రోజులవి. ఆ ప్రొటెస్ట్ వినే ఆఫీసు ఉన్నది జార్జ్‌టౌన్‌లోనే. "నీకెంత తగ్గించారు?", "పక్కింటి రేటు చూపించావా?" అంటూ వాట్సాప్ గ్రూపులు మోగిపోతుంటాయి. పనవగానే కారెక్కి, లియాండర్‌కో సీడర్ పార్క్‌కో రౌండ్ రాక్‌కో తిరిగొచ్చేస్తాం. నేనూ పదేళ్ళపాటు అదే చేశాను. ఆ ఆఫీసు నుంచి కారులో కాసేపు వెళ్తే పాత డౌన్‌టౌన్ స్క్వేర్ ఉందని తెలుసు. ఎప్పుడూ అటు తిరగలేదు.

జార్జ్‌టౌన్ టెక్సస్‌లో విలియమ్సన్ కౌంటీకి కౌంటీ సీట్. కౌంటీ సీట్ అంటే మన పాత తాలూకా కేంద్రం లాంటిది. కోర్టు, జైలు, భూముల రికార్డులు, పెళ్ళి లైసెన్సులు, పన్ను లెక్కలు, అన్నీ ఆ ఊళ్ళోనే. టెక్సస్‌లో ఇలాంటి కౌంటీలు 254 ఉన్నాయి. చాలావాటిల్లో ఊరి మధ్యలో ఒక చదరం, ఆ చదరం మధ్యలో కోర్టు, చుట్టూ నాలుగు వైపులా దుకాణాలు ఉంటాయి.

మొన్న ఒక ఫ్రెండ్ ఇంట్లో భోజనాల దగ్గర ఈ మాట వచ్చింది. "వందేళ్ళ బిల్డింగుకి కూడా బోర్డు పెట్టి హెరిటేజ్ అంటారు వీళ్ళు. మన వేయిస్తంభాల గుడి 1163లో కట్టింది. దాని ముందు ఇదెంత?" అన్నాడొకాయన. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఆ రాత్రి నిద్రా పట్టలేదు. ఆయనకి అక్కడే చెప్పాల్సిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను. వయసు ఒక్కటే కొలత అయితే ఆయన మాటే కరెక్టు. కానీ మామూలు మనుషుల బతుకులు ఎక్కడ తేలాయో ఆ గోడలు గుళ్ళలో ఉండవు. కోర్టులో, జైల్లో, బ్యాంకులో, బట్టల కొట్లో ఉంటాయి. అవి నిలవాలి. వాటితో పాటు లోపల ఏం జరిగిందన్నదీ నిలవాలి. ఈ కౌంటీలో ఇల్లు కొనుక్కుని పన్ను కడుతున్న మనం ఆ కథకి బయటివాళ్ళం కాము.

నాకిది తెలిసొచ్చింది జ్యూరీ సమన్స్ వల్ల. జ్యూరీ అంటే కోర్టులో కేసు విని తీర్పు చెప్పే మామూలు పౌరులు. పౌరసత్వం వచ్చిన కొన్నాళ్ళకి పోస్టులో ఒక కార్డు వచ్చింది, ఫలానా తేదీన జార్జ్‌టౌన్ జస్టిస్ సెంటర్‌కి రమ్మని. ముందు రోజు రాత్రంతా టెన్షన్. నా ఇంగ్లీషు యాస చూసి ఏమంటారో, ఎవరి జీవితం మీద నన్ను తీర్పు చెప్పమంటారో అని. తీరా వెళ్తే, రెండు మూడు గంటలు కూర్చోబెట్టి, నా నంబరు దాకా రాకుండానే పంపించేశారు. అప్పటికే ఆఫీసుకి సెలవు పెట్టేశాను కదా, ఊరికే నడుద్దామని తూర్పు వైపు బయల్దేరాను. పది నిమిషాలు కూడా పట్టలేదు, స్క్వేర్ వచ్చేసింది.

మొదట కళ్ళకి ఆనింది రంగు. ఇక్కడి పాత గోడలన్నీ మీగడ రంగు సున్నపురాయి. మన ఇళ్ళల్లో తాండూరు బండలు పరుచుకుంటాం కదా, అదీ సున్నపురాయి జాతే. స్క్వేర్‌కి ఉత్తరంగా నాలుగు వీధులు నడిస్తే 1888-89లో కట్టిన పాత జైలు వస్తుంది. చిన్న కోటలా ఉంటుంది. దాని గోడ దగ్గరగా వెళ్ళి వేలు పెట్టి చూశాను. రాయిలో గవ్వ ముద్రలు తగిలాయి, గోరంత గోరంతవి. ఒకప్పుడు ఈ నేలంతా సముద్రం అడుగున ఉండేదని పుస్తకాల్లో చదివాను. ఆ మాట నా వేలికి తెలిసింది మాత్రం ఒక జైలు గోడ మీద. అక్కడ ఇంకొకటి కూడా చూశాను, దాని గురించి తర్వాత చెప్తాను.

స్క్వేర్ చుట్టూ తిరుగుతూ తలెత్తి చూస్తే చాలు, ఊరి లెక్క అర్థమవుతుంది. 1896 నాటి లాకెట్ బిల్డింగ్ ఒక మూలన ఉంది, ఒకప్పుడు బట్టల కొట్టు. 1900లో మేసన్లు అనే సోదర సంఘం వాళ్ళు కట్టుకున్న లాడ్జి ఇంకో మూలన ఉంది, నెత్తిన ఉల్లిపాయ ఆకారంలో చిన్న గుమ్మటంతో. 1910 నాటి ఫార్మర్స్ స్టేట్ బ్యాంకులో ఇప్పుడు కౌంటీ చరిత్ర మ్యూజియం ఉంది. 1925లో కట్టిన ప్యాలెస్ సినిమాహాల్లో ఇప్పుడు నాటకాలు వేస్తున్నారు. ఒక వీధి అవతల 1892 నాటి ఫైర్ స్టేషన్, అదే అప్పట్లో సిటీ హాలు కూడా. ఇప్పుడు బొమ్మల గ్యాలరీ. ఈ ఏళ్ళని వరసగా పెట్టి చూస్తే దాదాపు అన్నీ 1880కీ 1925కీ మధ్యలోనే ఉన్నాయి. దానికి కారణం పత్తి. 1878లో రౌండ్ రాక్ నుంచి ఇక్కడికి రైలు లైను పడింది. నల్లరేగడి పొలాల పత్తి ఊరికి చేరడం, డబ్బు చేతిలో ఆడటం మొదలయ్యాయి. గుంటూరు, ఆదోని లాంటి ఊళ్ళు చూసినవాళ్ళకి పత్తి డబ్బు ఊరి ముఖాన్ని ఎలా మారుస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

అంతకు ముందు కథ ఇంకా మొరటుది. ఈ కౌంటీ 1848లో ఏర్పడింది. విలియమ్సన్ అనే జడ్జి పేరు పెట్టారు. చిన్నప్పుడు జబ్బు చేసి ఆయన కాలు మోకాలి దగ్గర వెనక్కి మడుచుకుపోయింది. మోకాలికి చెక్క కాలు కట్టుకుని తిరిగేవాడు. అందుకే జనం ఆయన్ని "మూడు కాళ్ళ విల్లీ" అనేవాళ్ళు. ఇంకో ఊళ్ళో కోర్టు పెట్టబోతే ఒకడు బల్ల మీద కత్తి గుచ్చి "ఇదే ఇక్కడి చట్టం" అన్నాడట. విల్లీ తుపాకీ తీసి "ఇది రాజ్యాంగం, నీ చట్టం కంటే పెద్దది" అన్నాడట. నిజమో కాదో, ఇక్కడివాళ్ళు ఇప్పటికీ ఇష్టంగా చెప్పుకుంటారు. ఊరికి స్థలం ఇచ్చినాయన జార్జ్ వాషింగ్టన్ గ్లాస్‌కాక్. నదికీ కమిషనర్లు నిలబడ్డ చోటికీ మధ్య భూమి ఇస్తే కౌంటీ సీట్ ఇక్కడే పెట్టి నీ పేరు పెడతామన్నారని, ఆయన ఇచ్చాడని అంటారు. అలా జార్జ్‌టౌన్ అయింది. ఇప్పుడు స్క్వేర్ మధ్యలో ఉన్న కోర్టు ఈ కౌంటీకి అయిదోది. ఆస్టిన్ ఆర్కిటెక్టు చార్లెస్ పేజ్ గీసిన ప్లానుతో 1911లో పూర్తయింది. నాలుగు వైపులా పెద్ద స్తంభాలు, పైన రాగి గుమ్మటం, ఆ గుమ్మటం మీద న్యాయదేవత.

చూస్తే ఇదంతా ఎప్పుడూ ఇలాగే ఉందేమో అనిపిస్తుంది. లేదు. 1960ల్లో ఊరికి పడమటగా ఇంటర్‌స్టేట్ 35 వేశారు. ఆ రోడ్డు కోసం 1963లో నేలలోకి బోర్లు వేస్తుంటే పెద్ద గుహ బయటపడింది. ఇప్పుడు పిల్లల్ని తీసుకెళ్ళి చూపించే ఇన్నర్ స్పేస్ కేవర్న్ అదే. రోడ్డు గుహనైతే చూపించింది కానీ ఊరిని పక్కకి నెట్టేసింది. కార్లు హైవే మీదే పోతున్నాయి. కొనేవాళ్ళు ఆస్టిన్ మాల్స్‌కి పోతున్నారు. అమెరికా అంతటా చిన్న ఊళ్ళ షావుకార్లు చేసిన పనే ఇక్కడివాళ్ళూ చేశారు. పాత రాతి ముఖాల మీద అల్యూమినియం రేకులు బిగించారు. కొత్తగా, నున్నగా, మాల్‌లా కనిపించాలని. పై అంతస్తు కిటికీలు మూసేశారు. కోర్టుకి కూడా ఆ గతే పట్టింది. పైన చుట్టూ ఉన్న పిట్టగోడలు, స్తంభాల మీది త్రికోణాలు పాతబడ్డాయని తీసేశారు. నాలుగైదు దశాబ్దాల పాటు ఆ కోర్టు బోడి నెత్తితో నిలబడింది.

ఇక్కడ నేను మా ఊరి గురించి చెప్పాలి. మాది ఒకప్పటి తాలూకా కేంద్రం. తెల్లదొరల కాలం నాటి తాలూకాఫీసు ఉండేది. మందపాటి గోడలు, గానుగ సున్నం, ఎత్తైన వరండా, ముందు వేపచెట్టు. చెట్టు కింద దస్తావేజు లేఖరులు, స్టాంపు వెండర్లు. అదే ఆవరణలో మునసబు కోర్టు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాక ఆ భవనానికి పని తగ్గిపోయింది. గోడలు చెమ్మ పడుతున్నాయని ఎవరో సిమెంటు పూయించారు. పాత సున్నం గోడ గాలి పీలుస్తుంది, లోపలికి పోయిన తడిని బయటికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే తడి లోపలే చిక్కుకుపోయి, ఇటుకని లోపల్నుంచి తినేస్తుంది. మూడు నాలుగు వానాకాలాల్లో పెచ్చులు ఊడాయి. "ప్రమాదకరం" అని బోర్డు పెట్టారు. నేను ఇంజనీరింగ్ చదువుతుండగా కూల్చేశారు. ఇప్పుడక్కడ షాపింగ్ కాంప్లెక్సు ఉంది. దాన్ని కూలగొట్టింది బుల్‌డోజరే అని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను. అది చచ్చిపోయింది సిమెంటు పూసిన రోజున.

జార్జ్‌టౌన్ అదృష్టం ఏమిటంటే, ఇక్కడ రేకు బిగించారు కానీ గోడ పడగొట్టలేదు. చదరం మొత్తం 1977లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాకెక్కింది. చాలామంది ఈ జాబితాలోకి వస్తే ఇక ఎవరూ ముట్టుకోలేరని అనుకుంటారు. అది పొరపాటు. సొంత డబ్బుతో సొంత బిల్డింగు కూల్చుకునేవాణ్ణి ఆ జాబితా ఆపలేదు. ఆపగలిగేది ఊరు తనకి తాను పెట్టుకున్న నియమాలే, ఆ నియమాల్ని చూసే స్థానిక కమిటీయే. అసలు మార్పు 1982లో జార్జ్‌టౌన్ మెయిన్ స్ట్రీట్ ప్రోగ్రాంలో చేరాక వచ్చింది. ఆ పద్ధతిలో పెద్ద మ్యాజిక్ ఏమీ లేదు. ఊరికొక మనిషిని పెడతారు. ఆ మనిషి షాపు షాపుకీ వెళ్ళి యజమానితో కూర్చుని, "ఈ రేకు వెనక ఏముందో ఒకసారి చూద్దామా?" అని అడుగుతుంది. రాష్ట్రం నుంచి ఆర్కిటెక్టుల సలహా ఉచితంగా వస్తుంది. అద్దెకిచ్చే, వ్యాపారం నడిపే చారిత్రక భవనాన్ని పద్ధతిగా బాగుచేస్తే, ఆ ఖర్చులో కొంత శాతం ఫెడరల్ పన్నులో తగ్గుతుంది. 1980ల మొదట్లో అది 25 శాతం, 1986 తర్వాత 20. పన్ను తగ్గడం అంటే ఏమిటో మే నెలలో జార్జ్‌టౌన్ వెళ్ళే మనవాళ్ళకి నేను విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఒక్కొక్కటిగా రేకులు ఊడాయి. కింద రాయి అలాగే ఉంది. 1997లో, పాత కట్టడాల్ని కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్ ఇచ్చే మెయిన్ స్ట్రీట్ అవార్డు టెక్సస్‌లో మొదట వచ్చింది ఈ ఊరికే. 1999లో రాష్ట్రం పాత కోర్టుల మరమ్మతుకి వేరే నిధి పెట్టింది. 2007 చివరికి ఈ కోర్టుకి పోయిన పిట్టగోడలన్నీ తిరిగొచ్చాయి. ఇందాక జైలు దగ్గర తర్వాత చెప్తానన్నది దర్జు గురించి, అంటే రాళ్ళ మధ్య సందుల్లో నింపే సున్నం. గీకి చూస్తే సిమెంటులా గట్టిగా లేదు, మెత్తగా, తెల్లగా ఉంది. రాయి కంటే దర్జు మెత్తగా ఉండాలి. అరిగితే దర్జు అరగాలి, రాయి అరగకూడదు. ఈ చిన్న సంగతి తెలిసిన మేస్త్రీ ఒక్కడు మా ఊళ్ళో ఆ రోజు ఉండి ఉంటే అని నాకు చాలాసార్లు అనిపిస్తుంది. ఉన్నాడేమో కూడా. అతన్ని ఎవరూ అడిగి ఉండరు.

ఇదంతా గోడల కథ. దీంతో ఆపేస్తే ఆ రోజు భోజనాల దగ్గర మాట అన్నాయనకి నా జవాబు సగమే అవుతుంది.

మ్యూజియం వాళ్ళు పాత కోర్టు హాలు చూపిస్తారు. రోజువారీ కేసులన్నీ ఇప్పుడు జస్టిస్ సెంటర్‌లోనే, కానీ ఈ హాలుని 1911లో ఉన్నట్టుగా తిరిగి తీర్చిదిద్దారు. ఆ మధ్యాహ్నం నేను లోపలికి వెళ్ళి జ్యూరీ కూర్చునే చోట నిలబడ్డాను. పొద్దున జ్యూరీ కార్డు పట్టుకుని వచ్చినదాన్ని కదా. అక్కడ విన్నదే నన్ను ఈ ఊరికి కట్టేసింది.

1923 ఏప్రిల్ 1, ఈస్టర్ ఆదివారం. బర్లెసన్ అనే ఒక ట్రావెలింగ్ సేల్స్‌మాన్‌ని ఈ కౌంటీలో రోడ్డు మీద ఆపి ఎత్తుకెళ్ళారు. చెట్టుకి కట్టేసి తోలు పట్టాతో కొట్టారు. ఒంటి మీద తారు పోశారు. టేలర్ ఊళ్ళో వదిలేసిపోయారు. ఒక వితంతువుతో స్నేహంగా ఉంటున్నాడన్నది వాళ్ళ ఆరోపణ. చేసింది కు క్లక్స్ క్లాన్, తెల్లజాతే గొప్పదంటూ ముసుగులేసుకుని దాడులు చేసే ముఠా. ఆ రోజుల్లో టెక్సస్‌లో క్లాన్ సభ్యులు లక్షకి పైగా ఉండేవాళ్ళు. ముందు ఏడాదే క్లాన్ అండతో ఒకాయన టెక్సస్ నుంచి అమెరికా సెనేట్‌కి గెలిచాడు. పోలీసుల్లో, జడ్జిల్లో, పాస్టర్లలో వాళ్ళ మనుషులున్నారు. ముసుగేసుకుని కొట్టినవాళ్ళ మీద సాక్ష్యం చెప్పే మనిషి ఉండేవాడు కాదు, చెప్పినా శిక్ష పడేది కాదు.

ఇక్కడ పడింది. ప్రభుత్వం తరఫున కేసు నడిపే డిస్ట్రిక్ట్ అటార్నీ డాన్ మూడీకి అప్పుడు ముప్ఫై ఏళ్ళు. టేలర్‌లోనే పుట్టినవాడు. ఇప్పుడు శాంసంగ్ చిప్ ఫ్యాక్టరీ కడుతున్న టేలర్ అదే. ఆ ఏడాది సెప్టెంబరులో, నేను నిలబడ్డ ఆ హాల్లో, మొదటి ముద్దాయికి అయిదేళ్ళ జైలు పడింది. తర్వాత మరికొందరికీ శిక్షలు పడ్డాయి. ఆ దశాబ్దంలో దేశం మొత్తం మీద ఇలాంటి దాడికి క్లాన్ మనుషుల్ని దోషులుగా తేల్చడం అదే మొదలని చరిత్రలో రాసుకున్నారు. మూడీ మర్నాడే పెద్దవాడు అయిపోలేదు కానీ 1927లో, 33 ఏళ్ళకే టెక్సస్ గవర్నరు అయ్యాడు. 1924లో క్లాన్ నిలబెట్టిన మనిషి గవర్నరు పదవికి పోటీ చేసి ఓడిపోయాడు.

నేను ఆ హాల్లో నిలబడి వేళ్ళ మీద లెక్క వేసుకున్న సంగతి ఇంకొకటి ఉంది. అదే 1923లో, ఫిబ్రవరి 19న, అమెరికా సుప్రీం కోర్టు భగత్ సింగ్ థింద్ కేసులో తీర్పు చెప్పింది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికా సైన్యంలో పనిచేసిన పంజాబీ ఆయన. మామూలు జనం అనుకునే అర్థంలో భారతీయులు తెల్లవాళ్ళు కారు, కాబట్టి వాళ్ళకి పౌరసత్వం రాదు అన్నారు. ఆ తలుపు మళ్ళీ తెరుచుకున్నది 1946లో. అప్పుడు కూడా కొత్తగా వలస రావడానికి ఏడాదికి వంద మందికే చోటిచ్చారు. ఇక ఆడవాళ్ళ సంగతంటారా, టెక్సస్‌లో ఆడవాళ్ళకి జ్యూరీలో కూర్చునే హక్కు 1954 దాకా లేదు. అంటే 1923 సెప్టెంబరులో నాలాంటి మనిషికి ఆ కుర్చీలో చోటు రెండు విధాలా లేదు. వందేళ్ళ తర్వాత నా పేరు మీద కార్డు వచ్చింది. ఆ పొద్దున నాకు అది ఒక తలనొప్పి. మధ్యాహ్నానికి ఆ కార్డుని పర్సులో మడత పడకుండా పెట్టుకున్నాను, ఇప్పటికీ అక్కడే ఉంది.

అందుకే అంటున్నాను, వేయిస్తంభాల గుడి ముందు ఇదెంత అన్న ప్రశ్న పొసగదు. ఆ గుడిని మనం చూస్తాం, చేతులు జోడిస్తాం. ఈ హాల్లో పన్నెండు మంది రైతులో, వ్యాపారులో భయపడకుండా ఒక మాట చెప్పారు. ముసుగు వేసుకున్నవాడి చట్టం ఈ కౌంటీలో చెల్లదన్నారు. మన ఇళ్ళు, మన పిల్లల స్కూళ్ళు ఆ మాట మీద నిలబడి ఉన్నాయి. 2020 లెక్కల ప్రకారం ఈ కౌంటీలో ఆరు లక్షల మందికి పైగా ఉన్నాం. అందులో ఎంతమందికి ఈ హాలు సంగతి తెలుసు? నాకు పదేళ్ళు తెలియలేదు.

నిజం చెప్పుకోవాలంటే ఆ తీర్పుకీ ఒక హద్దు ఉంది. దెబ్బలు తిన్నది తెల్ల మనిషి. జ్యూరీ అంతా తెల్ల మగవాళ్ళు. దెబ్బలు తిన్నది నల్లజాతి మనిషైతే అదే జ్యూరీ అదే మాట చెప్పేదా అని అడిగితే, ఆ రోజుల టెక్సస్ గురించి చదివినవాళ్ళెవరూ అవునని ధైర్యంగా అనలేరు. జస్టిస్ సెంటర్‌కి దగ్గర్లోనే ఒక చిన్న చెక్క ఇల్లు ఉంది, షాట్‌గన్ హౌస్ అంటారు. రైలు పెట్టెల్లా గది వెనక గది. ముందు గుమ్మంలో తుపాకీ పేలిస్తే గుండు వెనక గుమ్మంలోంచి పోతుందని ఆ పేరు. ఒకప్పుడు అక్కడ ఉన్న నల్లజాతి పేటకి గుర్తుగా దాన్ని ఆ సమాజం వాళ్ళే మ్యూజియంగా నిలబెట్టుకున్నారు. స్క్వేర్ చూడటానికి వచ్చే టూరిస్టుల్లో అక్కడిదాకా నడిచేవాళ్ళు తక్కువ. నా దృష్టిలో కోర్టు ఎంతో ఆ ఇల్లూ అంతే. ఒకటి చూసి రెండోది చూడకపోతే ఊరి మీద ఇంకా కొంత రేకు మిగిలినట్టే.

మిగిలిన రేకు ఇంకోటి కోర్టు దక్షిణం వైపు పచ్చిక మీద నిలబడి ఉంది. 1916లో పెట్టిన కాన్ఫెడరేట్ సైనికుడి విగ్రహం, బానిసత్వాన్ని నిలబెట్టడానికి యుద్ధం చేసిన పక్షం గుర్తు. అది మా చరిత్ర, ముట్టుకోవద్దు అంటారు కొందరు. తీసేయాలని ఏళ్ళుగా అడుగుతున్నవాళ్ళూ ఉన్నారు. చరిత్ర అంటున్నారు కాబట్టి చరిత్రే చూద్దాం. 1861లో టెక్సస్ యూనియన్ నుంచి విడిపోవాలా వద్దా అని ఓటింగ్ పెట్టినప్పుడు, ఈ కౌంటీలో వద్దన్నవాళ్ళు 480 మంది, విడిపోదామన్నవాళ్ళు 349 మంది. రాష్ట్రంలో వద్దన్న కొద్ది కౌంటీల్లో ఇదొకటి. అంటే యాభై అయిదేళ్ళ తర్వాత పెట్టిన ఆ విగ్రహం ఈ కౌంటీ ఓటు వేసి చెప్పిన మాటకే మూత బిగించింది. కోర్టుకి న్యాయం కోసం వచ్చే మనిషి ఆ విగ్రహం కింద నుంచి నడవాల్సి రావడం నాకు సమ్మతం కాదు. పగలగొట్టమని నేననను. రోడ్డు దాటితే పాత బ్యాంకులో మ్యూజియం ఉంది. అక్కడ పెట్టి, పక్కనే ఆ రెండు అంకెలూ రాస్తే చాలు. ఇప్పుడు అదే ఆవరణలో డాన్ మూడీ విగ్రహం, మూడు కాళ్ళ విల్లీ విగ్రహం కూడా ఉన్నాయి. కొత్త విగ్రహాలు పెట్టడం మంచిదే. అవి పాతదానికి జవాబు అయిపోవు.

డౌన్‌టౌన్‌ని కాపాడటం అంటే చివరికి రెస్టారెంట్లకీ వైన్ షాపులకీ అద్దెలు పెంచడమేగా అని అడిగేవాళ్ళున్నారు. ఆ మాటలో నిజం ఉంది. 1980లో పదివేలు కూడా లేని జనం 2020కి 67 వేలు దాటారు. స్క్వేర్ మీద మేకులు, విత్తనాలు, స్కూలు బూట్లు కొనుక్కునే రోజులు పోయాయి. కానీ ఖాళీగా, రేకుల వెనక కుళ్ళిపోవడం కంటే ఇది నయం. ఎవరో అద్దె కడుతున్నారు కాబట్టే పైకప్పు కారడం లేదు. ఇంకా మంచిదేంటంటే, మరమ్మతు తర్వాత కూడా కౌంటీ కమిషనర్ల మీటింగులు చాలా ఏళ్ళు ఆ 1911 కోర్టు భవనంలోనే జరిగాయి. మన పన్ను రేటు తేలింది ఆ గుమ్మటం కిందే. ప్రొటెస్ట్ కోసం సెలవు పెట్టే మనం, కమిషనర్ల మీటింగులో ఒక్కసారైనా కూర్చోవచ్చు. ఎవరైనా వెళ్ళొచ్చు, మాట్లాడొచ్చు.

పోయిన ఏడాది అమ్మ వచ్చినప్పుడు తీసుకెళ్ళాను. కోర్టు చుట్టూ ఒకసారి తిరిగి, చెట్టు నీడలో బెంచీ మీద కూర్చుంది. "ఇక్కడ దస్తావేజులు రాసేవాళ్ళు ఏ చెట్టు కింద కూర్చుంటారే?" అని అడిగింది. ఇక్కడ అలా ఉండరమ్మా అన్నాను. కాసేపు ఊరుకుని, తనే మొదలుపెట్టింది. తాతయ్యకి అరెకరం గట్టు తగాదా ఉండేదట. వాయిదా ఉన్నరోజు తెల్లారకుండానే ఏడు మైళ్ళు నడిచి తాలూకాఫీసు ఆవరణలో మునసబు కోర్టుకి వెళ్ళేవాడట. తొమ్మిదేళ్ళు తిరిగాడట. కేసు గెలిచిన రోజు సాయంత్రం పిల్లలందరికీ జీళ్ళు పొట్లం కట్టించుకుని తెచ్చాడట. ఇంతకాలంలో ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

"ఆ కోర్టు గది ఎలా ఉండేదమ్మా?" అన్నాను.

"నేనెక్కడ చూశానే. ఆడపిల్లల్ని లోపలికి తీసుకెళ్ళేవాళ్ళు కాదు. పెద్దయ్యాక ఒకసారి చూద్దామనుకున్నా, అప్పటికి కూల్చేశారు."